తాగినోనికి గుర్తుండదు

నాచారం,
ఫిబ్రవరి 2006

ప్రియమైన వదినగారికి,

ప్రభువు పేరిట వందనాలు. మీరు పంపిన నూనె సీసా అందింది. ప్రార్థన చేసిన నూనె అని, మీ తమ్ముడి దిండుకు రాయమని చెప్పారు. రాశాను. దిండు గలీబుకు జిడ్డు పట్టింది. ఆయన తాగి వస్తూనే ఉన్నారు.

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తున్నదేమిటని అనుకోకండి. ఫోను కింద ఇంటి ఓనరు మంగతాయారు గారి హాల్లో ఉంది. ఆమె మంచి మనిషే. కానీ ఆమె సోఫా పక్కన నిలబడి చెప్పే మాటలు కావు ఇవి.

జనవరిలో బాత్‌రూంలో జారి పడ్డానని, చెవికి దెబ్బ తగిలిందని మీకు చెప్పాను. అబద్ధం చెప్పాను. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక క్వైర్ వాళ్లం కొత్త పాట నేర్చుకుంటూ ఉండిపోయాం. నేను ఇంటికి వచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. పక్కన సీసా ఖాళీ అయింది.

"పాటలు మస్తుగ పాడుతున్నవట. మరి ఇంట్ల అన్నమెవరు పెడ్తరు?" అన్నారు.

నేను వంటింట్లోకి నడిచాను. వెనక నుంచి వచ్చి స్టీలు చెంబుతో ఎడమ చెవి మీద కొట్టారు. నేను గచ్చు మీద పడి ఉండగానే వెళ్లి పడుకున్నారు. మర్నాడు పొద్దున టీ తాగుతూ, నా చెవిలో దూది చూసి, "చెవికేమైంది?" అని అడిగారు. ఆ ముఖంలో ఏమీ లేదు వదినా. మామూలుగా అడుగుతున్నారు. "జారి పడ్డా" అన్నాను. "జర సూసుకొని నడువు" అన్నారు.

ఏఎస్ రావు నగర్‌లో చెవి డాక్టరు చూసి లోపలి నరం దెబ్బతిన్నది, ఇక వినికిడి రాదన్నాడు. క్వైర్‌లో ఎడమ పక్క నిలబడేవాళ్ల గొంతు నాకు అందడం లేదు. ఇప్పుడు వరస చివరికి వెళ్లి నిలబడుతున్నాను.

ఆయనకు నిజం ఎందుకు చెప్పలేదో మీకు చెప్పాలి. తాగి ఉన్నప్పుడు చెబితే ఏడుస్తారు, కాళ్లు పట్టుకుంటారు, తెల్లారి మర్చిపోతారు. ఆ ఏడుపు నాకు అక్కర్లేదు. ఆయన చేత తాగుడు మాన్పిస్తాను. ఒంట్లో చుక్క లేకుండా, బుద్ధి నిలకడగా ఉన్న రోజున ఎదురుగా కూర్చోబెట్టి చెప్తాను. ఆనాడు దాక్కోవడానికి సీసా ఉండదు. బతికినన్నాళ్లూ అది మోస్తూ తిరగాలి. నాకు కావలసింది అదే.

నేను ఇదంతా ప్రేమతో చేస్తున్నానని మాత్రం మీ ప్రార్థన కూడికల్లో ఎవరికీ చెప్పకండి.

మీ మరదలు,
ఎలిజబెత్

*

జనగామ,
మార్చి 2006

ప్రియమైన ఎలిజబెత్ తల్లికి,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం ముట్టలేదు. నువ్వు నిజంగా జారి పడ్డావనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నా తమ్ముడి చెయ్యి అంత పనికి లేచిందంటే నా పెంపకానికే సిగ్గు. అమ్మ పోయినప్పుడు వాడు నా చంకన ఉన్నాడు. నా పెళ్లి మాట కూడా పక్కన పెట్టి పెంచాను.

స్త్రీల సమాజంలో నీ పేరు చెప్పకుండా నలభై రోజుల ఉపవాస ప్రార్థన పెట్టించాను. దేవుడు వింటాడు. కానీ తల్లీ, నీ ఉత్తరంలో ఉన్నది ప్రార్థన చేసే మనసు కాదు. పగ మనది కాదు, ఆయనది. నువ్వు దాన్ని చేతుల్లోకి తీసుకుంటే ఆయన చేతులు కట్టేసినట్టే.

ఒక్క మాట విను. చెవి సంగతి వాడికి ఎప్పటికీ చెప్పకు. వాడిది పిరికి గుండె. తెలిస్తే తట్టుకోలేడు, మళ్లీ తాగుతాడు, ఇంతకంటే ఎక్కువ తాగుతాడు. తెలియని పాపాన్ని దేవుడే కొట్టేస్తాడు. నువ్వు క్షమించి ఊరుకో. ఊరుకున్న ఆడదాని ఇల్లే నిలబడుతుంది.

ఇంకో సీసా నూనె పంపుతున్నాను. ఈసారి కూరలో రెండు చుక్కలు వెయ్యి.

నీ వదిన,
ఫెబా

*

నాచారం,
మే 2006

వదినగారికి,

నూనె అందింది. ఊరగాయ మీద పోశాను.

నేనేం చేశానో చెప్తాను. మల్లాపూర్‌లో ఆయన పనిచేసే వర్క్‌షాపుకు వెళ్లాను. ఓనరు రామ్మోహనరావు గారు కుర్చీ వేయించారు. మా ఆయన తాగి లేతు మిషన్ ముందు నిలబడుతున్నాడని చెప్పాను.

"నాకు తెలియదనుకున్నారా అమ్మా?" అన్నారాయన. "పనితనం ఉన్న మనిషండీ. అందుకే చూసీ చూడనట్టు పోతున్నాను."

"రేపు ఆ చెయ్యే మిషన్‌లో పడితే పోలీసులకు కూడా చూడలేదనే చెప్తారా?" అన్నాను.

మర్నాడే ఆయన్ను పనిలోంచి ఆపేశారు. డాక్టరు కాగితం తెస్తేనే మిషన్ ముట్టనిస్తామన్నారు. ఇంటికి వచ్చి, "ఏ లంగగాడో పోయి చెప్పిండు" అని అరిచారు. "ఏ గాడూ కాదు. నేనే చెప్పిన" అన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆ ముఖాన్ని ఎన్నో రకాలుగా చూశాను. అంత ఇష్టంగా మాత్రం అదే మొదటిసారి చూడటం.

ఆ అరుపులకు మంగతాయారు గారు పైకి వచ్చారు. ఆయన బయటికి వెళ్లాక నా పక్కన కూర్చున్నారు. "మా తమ్ముడూ ఇంతేనమ్మా. నేను మొక్కని దేవుడు లేడు. చివరికి డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాం. వెంకన్నే ఆ దారి చూపించాడనుకున్నాను. మీరు మీ దేవుడే చూపించాడనుకోండి. కానీ ముందు ఆటో ఎక్కండి" అన్నారు. ఆటో ఆమే పిలిచారు. ఆయన రెండు రోజులు మొండికేసి, పని లేక, జేబు ఖాళీ అయి, మూడో రోజు ఎక్కారు.

తాగుడు మాన్పించే ఆసుపత్రి తార్నాక వైపు ఉంది. అక్కడ చేరిన రెండో రోజు ఆయన ఒళ్లంతా వణికింది. చెంచా పట్టుకోలేకపోయారు. "గోడ మీదికెల్లి చీమలొస్తున్నయి, ఎలిజబెతూ, దులుపవే" అని బతిమాలారు. గోడ మీద ఏమీ లేదు. చీమలు లేవని ఒక్క మాట అంటే ఆయనకు కాస్త ఊరట దొరికేదని నర్సు తర్వాత చెప్పింది. నేను అనలేదు. స్టూలు మీద కూర్చుని, ఆయన చేతులు రక్కుకోవడం చూశాను. ఆయన కోసం ప్రార్థన చేశాను కూడా. దేవుడా, వీడిని చావనివ్వకు, నాకు వీడితో పని ఉంది అన్నాను. ఆ ప్రార్థన వెంటనే విన్నాడు.

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. రోజూ టిఫిన్ తిన్నాక ఒక మాత్ర వేసుకోవాలి. అది వేసుకుని తాగితే ఒళ్లు మండిపోయి, గుండె దడ పుట్టి, వాంతులవుతాయి. ఆ సంగతి డాక్టరు ఆయనకే వివరంగా చెప్పి ఒప్పించారు. "ఆయనకు తెలియకుండా కూరలో మాత్రం కలపొద్దమ్మా, ప్రాణం పోతుంది" అని నాకు విడిగా చెప్పారు. ఆ మాట చెప్పకపోతే కలిపేదాన్నేమో.

చెవి సంగతి ఇంకా చెప్పలేదు. ఇంకా పూర్తిగా కోలుకోలేదు. తొందరేం లేదు.

ఎలిజబెత్

*

జనగామ,
జూలై 2006

ప్రియమైన ఎలిజబెత్‌కు,

దేవునికి స్తోత్రం. నిన్న తమ్ముడు ఫోన్‌లో మాట్లాడాడు. ఎన్నేళ్లయిందో వాడి గొంతు అంత తేటగా విని. మళ్లీ పనిలో చేరాడట, ఆదివారం మందిరానికి వెళ్లి ముందు వరసలో కూర్చుంటున్నాడట. మా ఉపవాసాలు ఊరికే పోలేదు. మా సమాజంలో అందరం ఏడ్చాం.

నువ్వు వర్క్‌షాపుకు వెళ్లి మొగుడి పరువు తీసినందుకు నాకు కోపం వచ్చింది. ఇప్పుడది అననులే. ఆసుపత్రి మంచిదే. కానీ ఆసుపత్రులు ఊరంతా ఉన్నాయి, అక్కడికి వెళ్లినవాళ్లందరూ మారలేదు. మార్చింది ఎవరో మరిచిపోకు.

మీ పాస్టర్ అబ్బయ్య గారితో మాట్లాడాను. దేవుడు తనను ఎలా మార్చాడో సెప్టెంబర్‌లో మందిరంలో అందరి ముందు వాడి చేత సాక్ష్యం చెప్పిస్తానన్నారు. వాడు ఒప్పుకున్నాడు. నువ్వు మంచి చీర కట్టుకుని పక్కన నిలబడు. మీ ఇద్దరినీ చూసి పది ఇళ్లు బాగుపడతాయి.

నీ మనసులో ఉన్న ఆ ముల్లు ఇక తీసి పారెయ్యి. వాడికి తెలియదు. తెలియనివ్వకు. నా మీద ఒట్టు.

నీ వదిన,
ఫెబా

*

నాచారం,
సెప్టెంబర్ 2006

ఫెబాకు,

నీ తమ్ముడు నిన్న సాక్ష్యం చెప్పాడు.

నేను మంచి చీరే కట్టుకున్నాను. మందిరం నిండింది. మంగతాయారు గారు కూడా వచ్చి వెనక కూర్చున్నారు. నీ తమ్ముడు ఎబినేజర్ లేచి ముందుకు వెళ్లాడు. చేతులు వణకలేదు. తాను ఎలా చెడిందీ, దేవుడు ఎలా లేపిందీ చెప్పాడు. నీ ఉపవాసాలు చెప్పాడు. ఆసుపత్రి మాట రాలేదు, మాత్ర మాట రాలేదు. ఆటో పిలిచిన మనిషి వెనక వరసలోనే ఉంది, ఆమె మాటా రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అబ్బయ్య గారు నా వైపు చూసి, "ఎలిజబెతమ్మా, నువ్వు గూడ ఒక్క మాట చెప్పు" అన్నారు.

నేను కావాలనే ఆ రోజు కోసం ఆగాను. ఇంట్లో ఒంటరిగా చెప్పడం కంటే అందరి ముందు చెప్పడమే నయమనిపించింది. ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"నాకు ఎడమ చెవి వినపడదు. జారి పడి పోయిందని మీ అందరికీ చెప్పాను. పడలేదు. ఈయన చెంబుతో కొట్టాడు. తాగి ఉన్నాడు కాబట్టి ఈయనకు తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది" అన్నాను.

అని, వాడి ముఖం వైపు తిరిగాను. ఎనిమిది నెలలు ఆ ముఖం కోసమే కాచుకున్నాను. అది కూలిపోవడం నా కళ్లతో చూడాలని వాడికి రోజూ మాత్ర వేశాను.

వాడు ఉలిక్కిపడలేదు. తల దించుకుని నిలబడ్డాడు. "నాకు ఎరుకే" అన్నాడు.

నాకు సరిగా వినపడలేదేమో అనుకుని కుడి చెవి అటు తిప్పాను. మళ్లీ అన్నాడు.

"ఆ దినమే ఎరుకే. తెల్లారి చెవికేమైందని అడిగిన గదా, నువ్వేమంటవో సూద్దామని అడిగిన. నువ్వు పడ్డనన్నవు. నాకు పానం లేసొచ్చినట్టయింది. అంతకు ముందే రూపాయి ఫోన్ డబ్బా కాడికి పోయి అక్కకు ఫోన్ జేసిన. గిట్ల జేసిన, ఎట్లనే అక్కా అని ఏడ్సిన. అక్కేమో గుర్తు లేదను, తాగినోనికి గుర్తుండదని అందరికీ ఎరుకే అన్నది. గందుకే ఎరుకలేనట్టు అడిగిన. ఇగ దేవుని ముంగట అబద్ధం ఆడలేను."

చెంబు దెబ్బ కంటే ఇది గట్టిగా తగిలింది ఫెబా. నేను వాడిని కొట్టాలనుకున్న దెబ్బ గాలిలోనే ఆగిపోయింది. వాడికి తెలుసు. రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. నేను మాట వినపడక తల తిప్పిన ప్రతిసారీ ఎందుకు తిప్పుతున్నానో వాడికి తెలుసు. అది వాడి సంగతి.

నీ సంగతి వేరు. నేను నీకు నిజం రాసిన రోజున అన్నం ముట్టలేదని రాశావు. నిజంగా జారి పడ్డావనే అనుకున్నానని రాశావు. క్షమించమన్నావు, ఊరుకోమన్నావు, ఒట్టు పెట్టావు. నేను నిన్ను నమ్మి ఇంకెవరికీ చెప్పని మాటలు చెప్పాను. నువ్వు నా నోరు మూయించడానికి దేవుణ్ణి గుడ్డలా వాడావు.

నాకు ఒక్కదానికే జవాబు కావాలి. ఎందుకు?

ఎలిజబెత్

*

జనగామ,
సెప్టెంబర్ 2006

ఎలిజబెత్,

నన్ను నువ్వు అని రాశావు. సరే.

వాడు చెప్పినదంతా నిజం. ఆ పొద్దున నాకు ఒక్కటే భయం. వాడికి అంతా గుర్తుందని తెలిస్తే నువ్వు వాడిని విడిచి వెళ్తావని. నీకు ఉద్యోగం ఉంది, బడిలో పాఠం చెప్పుకుని బతకగలవు. మీకు పిల్లలు లేరు, నిన్ను కట్టి ఉంచేది ఏదీ లేదు. నువ్వు వెళ్తే వాడిని చూసేదెవరు? నాకు యాభై ఆరేళ్లు. ఒకసారి పెంచాను. మళ్లీ పెంచే ఓపిక నాకు లేదు. అందుకే అలా అనమన్నాను.

ప్రార్థనలు మాత్రం అబద్ధం కాదు. వాటిని అనుమానించకు.

ఫెబా

*

నాచారం,
అక్టోబర్ 2006

ఫెబాకు,

ఈ ఉత్తరం నీ తమ్ముడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఉప్పల్‌లో వరంగల్ బస్సు నేనే ఎక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది.

వాడిని చూసేదెవరని అడిగావు. నువ్వే.

వాడు గొడవ చేయలేదు. "పొమ్మంటే పోత. మల్ల రమ్మంటవా?" అన్నాడు. తెలియదన్నాను. అబ్బయ్య గారు ఇంటికి వచ్చారు. కాపురం నిలబెట్టుకోమని చెప్తారేమోనని గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన చెప్పు కూడా విప్పకుండా, "అమ్మా, సాక్ష్యం అడిగే ముంగట నిన్ను అడగాలె. అడగలే. నువ్వేం జేసినా సంఘం నీ దిక్కే ఉంటది" అన్నారు. అంతే చెప్పి వెళ్లిపోయారు.

ఇక నువ్వు చేయాల్సినవి. మాత్ర టిఫిన్ అయ్యాక నీ చేత్తో వెయ్యి. నోరు తెరిపించి నాలుక కింద చూడు. ఒక్కోసారి అక్కడ దాస్తాడు. దగ్గు మందు కొనేటప్పుడు సీసా మీద ఏముందో చదువు, కొన్నింట్లో ఆల్కహాల్ ఉంటుంది. జీతం చేతికి వచ్చిన సాయంత్రం వైన్‌షాపు ముందు నుంచి ఒంటరిగా రానివ్వకు, ఎదురెళ్లు. నిద్ర పట్టక నడుస్తుంటే తిట్టకు. కోపం వస్తే చెంబులు, గ్లాసులు అందుబాటులో ఉంచకు.

నా వల్ల కాదని అనకు. నేను చేసినన్నాళ్లూ నా వల్ల అవుతుందనే కదా నువ్వు అనుకున్నావు.

వాడి కోసం ప్రార్థన నేను చేస్తాను. మాత్ర నువ్వు వెయ్యి.

ఎలిజబెత్

*

జనగామ,
డిసెంబర్ 2006

ఎలిజబెత్‌కు,

ఇది రాయడానికి చాలా రోజులు పట్టింది.

మొదటి నెల బాగానే ఉన్నాడు. ఇక్కడ ట్రాక్టర్ల షెడ్డులో పని ఇప్పించాను. రోజూ మాత్ర వేశాను, నాలుక కింద చూశాను. తర్వాత కూడికలకు పక్క ఊరికి వెళ్లి పది రోజులు ఉండాల్సి వచ్చింది. మాత్రలు వాడి చేతికే ఇచ్చి, వేసుకో నాయనా అని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్లాను. వాడు వేసుకోలేదు. ఒంట్లోంచి మాత్ర గుణం పోయే దాకా ఆగి తాగాడట. నేను తిరిగి వచ్చేసరికి తలుపు తీసే ఉంది.

సీసా లాక్కోబోయాను. "అక్కా, ఇయ్యాల ఒక్క దినమే" అన్నాడు. నేను వదల్లేదు. తోశాడు. గడప మీద పడ్డాను. మణికట్టు విరిగింది. కుడి చెయ్యి. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి, ఎడమ చేత్తో రాస్తున్నాను.

సమాజం వాళ్లు చూడవచ్చారు. ఏమైందక్కా అని అడిగారు. నీళ్లు తోడుతూ జారి పడ్డానని చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చెప్పలేను. వాడు తలుపు పక్కనే నిలబడి విన్నాడు. అప్పుడు నాకు నువ్వు గుర్తొచ్చావు.

నేను నీకు చేసింది ఏమిటో ఇన్నాళ్లూ పుస్తకంలో చదివినట్టు తెలుసు. ఇప్పుడు ఒంటితో తెలిసింది. క్షమించమని అడగను, ఆ మాట నీకు చాలాసార్లు చెప్పి పాడు చేశాను. వాడిని తీసుకుని నీ దగ్గరకు రావచ్చా? నేను ఒక్కదాన్ని చేయలేకపోతున్నాను.

ఫెబా

*

నాచారం,
జనవరి 2007

వదినకు,

మీ ఉత్తరం బడి నుంచి వచ్చాక చదివాను. దాచడం ఎందుకు, సంతోషంగా చదివాను. విరిగిన చెయ్యి దగ్గర ఆగి మళ్లీ చదివాను. టీ పెట్టుకుని ఇంకోసారి చదివాను. ఇలాంటి ఉత్తరం మీ దగ్గర నుంచి రావాలని అక్టోబర్ నుంచి చూస్తున్నాను. ఇంత బాగా వస్తుందనుకోలేదు.

మూడోసారి చదివేటప్పుడు జారి పడ్డానని మీరు చెప్పిన మాట దాటి ముందుకు పోలేకపోయాను. టీ చల్లారిపోయింది.

ఆయన్ను తీసుకుని రావద్దు. ఈ ఇంట్లోకి ఆయన ఇప్పుడు రారు. ఎప్పుడు వస్తారో, అసలు వస్తారో రారో నేను చెప్పను. ఆ సంగతి ఆయన్నే మోయనివ్వండి.

మీకు మాత్రం చెప్పగలిగినవి చెప్తాను. మొదట మీ సమాజం వాళ్లను పిలిచి నిజం చెప్పండి. ఆయన ఎదురుగానే చెప్పండి. సిగ్గు మీది కాదు. వాళ్లు ఉపవాసాలు ఉన్నవాళ్లే, రోజుకు ఒకరు వచ్చి మాత్ర వేసే పని కూడా చేయగలరు. హనుమకొండలో ఒక డాక్టరు ఉన్నారు. ఇక్కడి డాక్టరు గారిని అడిగి చిరునామా రాయించుకున్నాను, చీటీ దీంతో పెడుతున్నాను. వైద్యం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వారానికోసారి ఇంటివాళ్లను కూడా కూర్చోబెట్టి మాట్లాడతారు. మీరు వెళ్లండి. ఇంకోసారి చెయ్యి లేస్తే పోలీసు స్టేషన్‌కు వెళ్లండి, నేను సాక్షిగా వస్తాను.

కట్టు విప్పాక ఒక్కరే రండి. అన్నం వండి పెడతాను. మంగతాయారు గారు మిమ్మల్ని చూడాలంటున్నారు. ఆమె నోరు ఊరుకోదు, సిద్ధపడి రండి.

మందిరంలో అందరూ కలిసి చేసే ప్రార్థనలో, మాకు అపకారం చేసినవాళ్లను క్షమించామని చెప్పే చోట నేను సెప్టెంబర్ నుంచి నోరు మూసుకుంటున్నాను. అబ్బయ్య గారు చూశారు. మనసులో లేని మాట అనడం నా వల్ల కాదు. మొన్న ఆదివారం మాత్రం ఆ మాట సగం దాకా అన్నాను.

ఆ సగం మీది. ఆయన వంతు ఇంకా రాలేదు.

ఎలిజబెత్